తమ్ముడి వెన్నులో ఎముక అరుగుతోందా, పెరుగుతోందా? రిపోర్టు అర్థం కావట్లేదు

లంకపొలం (రాజోలు వైపు)

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు అవతల ఒక లంక ఊరు. తమ్ముడికి 27 ఏళ్ళు, రొయ్యల చెరువు మీద ఉంటాడు. మేత చల్లడం, రాత్రిళ్ళు ఏరేటర్లు (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) చూసుకోవడం వాడి పని. నాలుగేళ్ళ నుంచి నడుం నొప్పి. మేత బస్తాలు మోసినందుకేలే అనుకున్నాం. కానీ వాడి నొప్పి తీరు వేరు. తెల్లవారుజామున మూడూ నాలుగు గంటలకి లేచి చెరువు గట్టు మీద తిరుగుతాడు. తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు. పొద్దున్నే గంటసేపు నడుం కర్రలా బిగుసుకుని ఉంటుంది.

మొన్న ఎక్స్‌రే తీయిస్తే రెండువైపులా శాక్రోఇలియైటిస్, గ్రేడ్ 3 అని రాశారు. కింద ఇంకో లైనులో నడుం పూసల దగ్గర సిండెస్మోఫైట్స్ మొదలయ్యాయని ఉంది. జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. ఒక డాక్టరు గారు "ఎముక తినేసింది" అన్నారు. ఇంకొకాయన "ఎముక పెరుగుతోంది" అన్నారు. అదే ఎముక ఒకేసారి అరుగుతుందా, పెరుగుతుందా? మా అమ్మ రెండో మాట పట్టుకుని వాడికి పాలు, పెరుగు మానిపించేసింది, కాల్షియం ఎక్కువైందని. తెలిసినవాళ్ళు ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

ఎర్రకన్ను (పాలకొల్లు)

ముందు అమ్మగారికి చెప్పి పాలు ఇప్పించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నాకూ ఇదే జబ్బు, తొమ్మిదేళ్ళ నుంచి.

కొబ్బరిపీచు (అంబాజీపేట)

బస్తాలు మోసిన నడుం కదండీ, డిస్క్ జారి ఉంటుంది. మా పక్క ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, బోర్లా పడుకోబెట్టి నువ్వుల నూనె రాసి నడుం తొక్కుతాడు. ఒక్కసారి "టక్" మంటుంది, అంతే, లేచి నడుచుకుంటూ వెళ్ళిపోతారు. మా బావమరిది అలాగే బాగయ్యాడు. అన్నిటికీ పెద్ద పేర్లు పెట్టి భయపెడతారు.

ఫిజియో_భీమవరం

వద్దు. ఈ రిపోర్టు ఉన్న మనిషి వెన్ను మీద ఎవరూ కాలు పెట్టకూడదు, చేత్తో తిప్పకూడదు. ఎందుకో ఎవరో ఒకరు వివరంగా చెప్తారు, నేను క్లినిక్‌లో ఉన్నాను.

బస్తా నొప్పికీ దీనికీ తేడా లంకపొలం గారే రాసేశారు. బస్తా నొప్పి పడుకుంటే తగ్గుతుంది, పని చేస్తే పెరుగుతుంది. ఇది తిరగబడి ఉంటుంది. నలభై ఐదేళ్ళ లోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున లేపేసే నడుం నొప్పిని మామూలు నడుం నొప్పి అనుకోకూడదు.

స్లైడుబాక్సు (కాకినాడ)

నేను పాథాలజీ డాక్టరుని. రోగులకి మందు రాసే పని కాదు నాది, కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసే పని. కాబట్టి మందుల సంగతి మీ రుమటాలజిస్టుకి (కీళ్ళ జబ్బుల డాక్టరుకి) వదిలేసి, లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసినంతలో చెప్తాను. కాస్త పెద్దదవుతుంది.

మీకు చెప్పిన డాక్టర్లిద్దరూ నిజమే చెప్పారు. తినడమూ పెరగడమూ రెండూ జరుగుతాయి, కాకపోతే ఒకదాని వెనక ఒకటి, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో.

ముందు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. మాంసం కొట్టులో ఎముక చివర తెల్లగా, గట్టిగా, తీగలా కనపడుతుంది కదా, మనవాళ్ళు నరం అంటారు. అది నరం కాదు, స్నాయువు. ఆ స్నాయువు ఎముకలోకి దిగే చోటుని ఎంథెసిస్ అంటాం. ఒంట్లో అలాంటి అతుకులు వందకు పైనే ఉన్నాయి. రేవులో పడవ కట్టిన రాట గుర్తు తెచ్చుకోండి. అలకి తాడు లాగుతూనే ఉంటుంది. తాడు తెగదు, పడవ పగలదు, కదిలేది రాట మొదట్లో మట్టి. ఈ జబ్బుకి ఆ రాట మొదలే ఇష్టమైన చోటు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఇంకో కీళ్ళ జబ్బులో అలా కాదు, కీలు లోపలి పలచటి పొర ముందు వాస్తుంది. ఇక్కడ అతుకూ, దాని కిందున్న ఎముక మూలుగా ముందు వాస్తాయి. అందుకే నడుంతో పాటు మడమ వెనకాల, అరికాలు, పక్కటెముకలు ఛాతీ ఎముకకి అతుక్కునే చోట్లు కూడా నొప్పెడతాయి. మీ తమ్ముడికి మడమ నొప్పి ఉందేమో అడగండి.

ఇప్పుడు శాక్రోఇలియాక్ కీలు. నడుం కింద, వీపున రెండు సొట్టలు పడతాయి చూడండి, వాటి లోపల ఉంటుంది. వెన్ను చివరి త్రికాస్థి తుంటి ఎముకతో కలిసే చోటు. పెద్దగా కదలదు, కానీ పైనున్న బరువంతా కాళ్ళలోకి దిగేది దాని మీదుగానే. కీలుకి రెండు వైపులా మృదులాస్థి ఉంటుంది. త్రికాస్థి వైపు మందంగా, తుంటి వైపు పలచగా. కాబట్టి తుంటి వైపే ముందు దెబ్బతింటుంది.

మొదట ఎముక మూలుగలో వాపు. ఎక్స్‌రేకి ఇది అసలు కనపడదు, ఎమ్మారైలో తెల్లగా మెరుస్తుంది. తర్వాత మృదులాస్థి కింద కొత్త కణజాలం చిగురేస్తుంది. పుండు మానేటప్పుడు ఎర్రగా, మెత్తగా కండ వస్తుంది చూశారా, దాదాపు అలాంటిది. నిండా సన్నటి రక్తనాళాలు, రోగనిరోధక కణాలు. ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు కూడా దాంట్లో తయారవుతాయి. ఆ కణజాలం ఎముకనీ మృదులాస్థినీ కిందనుంచి కొరుకుతూ పైకి వస్తుంది. ఎక్స్‌రేలో కీలు అంచు చెదపట్టిన ద్వారబంధంలా గరుకుగా కనపడేది అందుకే. విచిత్రం ఏమిటంటే, ఈ దశలో కీలు సందు ఇరుకవ్వదు, వెడల్పైనట్టు కనపడుతుంది. అది వెడల్పు కాదు, అంచులు పోవడం. మీ మొదటి డాక్టరు గారు "తినేసింది" అన్నది ఇదే.

వాపు తగ్గాక గుంటలు అలా ఖాళీగా ఉండిపోవు. ముందు కొవ్వు కణజాలం నిండుతుంది, ఎమ్మారైలో దీన్ని కూడా గుర్తుపట్టొచ్చు. తర్వాత మరమ్మతు కణజాలం, మృదులాస్థిలాంటిది, చివరికి ఎముక. అటునుంచి కొంత, ఇటునుంచి కొంత వచ్చి కలిసిపోతే కీలే ఉండదు. అది గ్రేడ్ 4. మీ తమ్ముడిది 3, అంటే కొరుకుడు స్పష్టంగా ఉంది, కలవడం పూర్తి కాలేదు.

వెన్నుపూసల సంగతి రాత్రికి రాస్తాను.

లంకపొలం

డాక్టరు గారూ, మీరు మడమ అంటే ఒళ్ళు జలదరించింది. రెండేళ్ళ నుంచి కుడి మడమ నొప్పి. చెరువు గట్టు రాళ్ళ మీద చెప్పుల్లేకుండా తిరుగుతాడని తిట్టేవాళ్ళం. పాపం వాడు కూడా అదే అనుకుని ఎవరికీ చెప్పడం మానేశాడు.

గట్టుమీద_మాస్టారు (కొత్తపేట)

అబ్బాయ్, రిటైరైన సైన్సు మాస్టారిని. ఈ జబ్బుతో నాది నలభై ఏళ్ళ కాపురం. 1986 ఆగస్టు వరద నాటికి నాకు 24 ఏళ్ళు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడాది. ఊరంతా గట్టు మీద ఇసుక బస్తాలు వేస్తుంటే నేను వంగి ఒక్క బస్తా ఎత్తలేకపోయాను. బద్ధకస్తుడినన్నారు. జబ్బు పేరు తెలిసింది 1995లో. అప్పటికి కొరకాల్సినవి కొరికి, కలవాల్సినవి కలిసిపోయాయి.

డాక్టరు గారు చెప్పినదానికి నేను పిల్లలకి చెప్పే పోలిక ఒకటుంది. ఏటిగట్టుకి గండి పడితే ముందు మట్టి పోతుంది. తర్వాత మనం పూడుస్తాం. కానీ ఉన్నంత మేరకే పూడుస్తామా? భయం కొద్దీ రాయీ, మట్టీ, బస్తాలూ పోసి పాత గట్టుకి రెట్టింపు లావు చేస్తాం. మళ్ళీ వరదకి పక్కన ఇంకో గండి. పదేళ్ళకి ఆ గట్టు చూడు, ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో అక్కడల్లా బొడిపెలు. నా వెన్ను ఎక్స్‌రే అచ్చం అలా ఉంటుంది.

స్లైడుబాక్సు

మాస్టారూ, ఈ పోలిక నాకు కావాలి, క్లాసులో వాడుకుంటాను.

వెన్నుపూసలు. రెండు పూసల మధ్య డిస్క్ ఉంటుంది. డిస్క్ చుట్టూ గట్టి పీచు వలయం, కొబ్బరి డొక్కలాగా పొరలు పొరలుగా. అందులో అన్నిటికంటే బయటి పీచులు పూస అంచులో, మూలల దగ్గర, ఎముకలోకి దిగబడి ఉంటాయి. అది కూడా ఎంథెసిసే. కాబట్టి ఈ వాపు, అంటే లోపలి మంట, అక్కడికీ వస్తుంది. మూల కొద్దిగా కొరుక్కుపోతుంది, చుట్టూ ఎముక గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. మామూలుగా నడుం పూసని పక్కనుంచి చూస్తే ముందుభాగం డమరుకం నడుములా లోపలికి వంగి ఉంటుంది. మూలలు పోయి, ఆ వంపు పూడుకుపోయి పూస చతురస్రంగా తయారవుతుంది.

తర్వాత ఆ బయటి పీచుల వెంటే సన్నటి ఎముక రెమ్మ మొలుస్తుంది. పై పూస కింది మూల నుంచి కిందికి, కింది పూస పై మూల నుంచి పైకి. అదే సిండెస్మోఫైట్. రెండూ కలిస్తే డిస్క్ మీదుగా ఎముక వంతెన కట్టినట్టే. వెన్నంతా అలా కడితే వెదురు బొంగులా కనపడుతుంది, డిస్కుల దగ్గర ఉబ్బు కణుపుల్లాగా. వెదురు వెన్ను అనే పేరు అక్కడినుంచే. వెనకవైపు పూసల మధ్యనున్న చిన్న కీళ్ళు కూడా బిగుస్తాయి. పక్కటెముకలు వెన్నుతో కలిసే కీళ్ళు బిగిస్తే ఊపిరి నిండా పీల్చలేరు.

వయసు మీదపడిన వెన్నులో కూడా ఎముక ముక్కులు పెరుగుతాయి, వాటిని ఆస్టియోఫైట్స్ అంటాం. అవి చిలకముక్కులా అడ్డంగా బయటికి వస్తాయి. సిండెస్మోఫైట్ సన్నగా నిలువుగా లేస్తుంది. 27 ఏళ్ళ వాడికి రేడియాలజిస్టు ఆ పదం వాడారంటే చూసే రాశారు.

నీటిలంక

మా నాన్నగారికి 66, షుగరు ఉంది. వెన్నంతా ఎముక పెరిగిందన్నారు. అదీ ఇదేనా?

స్లైడుబాక్సు

ఆ వయసు, షుగరు అంటే డిష్ అనే వేరే స్థితి అయి ఉండొచ్చు. అందులో కొవ్వొత్తి కారినట్టు మందంగా, ఎక్కువగా ఛాతీ పూసల కుడివైపు ఎముక పేరుకుంటుంది. శాక్రోఇలియాక్ కీలు కొరుకుడు ఉండదు. ఎక్స్‌రే చూపించి అడగండి.

కొబ్బరిపీచు

అదేదో నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళకి కూడా వెన్ను కర్రలా బిగుస్తుందంటారు కదా. మన చెరువుల నీళ్ళు తక్కువ తిన్నాయా? ఉప్పూ, మందులూ. ఎవరూ ఆ కోణంలో చూడరేం?

స్లైడుబాక్సు

మంచి ప్రశ్నే. ఫ్లోరోసిస్‌లో కూడా స్నాయువులు ఎముకగా మారతాయి, వెన్ను బిగుస్తుంది. మన దేశంలో ఆ జబ్బుని మొదట గుర్తించింది ప్రకాశం వైపే, 1937లో. కానీ అందులో ఎముకలన్నీ సుద్దలా తెల్లగా, చిక్కగా కనపడతాయి. ముంజేయి ఎముకల మధ్య పొర కూడా ఎముకగా మారుతుంది. కీలు అంచు ఇలా కొరుక్కుపోదు. రొయ్యల చెరువు నీళ్ళకీ ఈ జబ్బుకీ ముడిపెట్టడానికి ఆధారం ఏమీ లేదు.

లంకపొలం

కాల్షియం సంగతి కూడా తేల్చండి డాక్టరు గారూ, అమ్మ పక్కనే కూర్చుంది.

స్లైడుబాక్సు

అమ్మా, పాలల్లో కాల్షియం వల్ల ఎముక తప్పుచోట పెరగదు. ఎక్కడ పెరగాలో చెప్పేది మంట జరిగిన చోటు. ఇంకోమాట, ఇది చాలామందికి తెలియదు. ఈ జబ్బులో పూస చుట్టూ ఎముక పెరుగుతుంటే పూస లోపల ఎముక పలచబడుతుంది. అదే మంట లోపలి ఎముకని కరిగిస్తుంది, బిగుసుకున్న పూసకి కదలిక ఉండదు కాబట్టి ఇంకా గుల్లవుతుంది. బయట పెంకు, లోపల డొల్ల. కాబట్టి మీ అబ్బాయికి పాలు మానిపించడం సరిగ్గా తిరగబడ్డ వైద్యం.

పంటుదాటి (నరసాపురం)

ఈ డొల్ల మాట మా ఇంట్లో అనుభవం, అందుకే రాస్తున్నాను. మా మేనమామకి ఇదే జబ్బు, మెడ నుంచి నడుం దాకా కలిసిపోయింది. మూడేళ్ళ క్రితం పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దిగుతూ బల్ల మీద జారి వెనక్కి పడ్డాడు. పెద్ద దెబ్బేం కాదు, తనే లేచి కూర్చున్నాడు. మెడ నొప్పి అంటే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణికిందని పంపేశారు. ఎవరో మెడ అటూ ఇటూ తిప్పి చూశారు కూడా. రెండోరోజు వేళ్ళు మొద్దుబారాయి. మూడోరోజు చెయ్యి ఎత్తలేదు. అప్పుడు ఇంకోచోట సీటీ స్కాన్ తీస్తే మెడ కింది పూసల దగ్గర అడ్డంగా విరిగి ఉంది. ఆపరేషన్ చేశారు. చెయ్యి ముప్పావువంతు వచ్చింది, చొక్కా గుండీలు ఇప్పటికీ అత్తే పెడుతుంది.

కాబట్టి కొబ్బరిపీచు గారూ, మీ నడుం తొక్కే ఆయన్ని ఈ దారిలోకి తేకండి.

కొబ్బరిపీచు

అయ్యో. నాకు ఇది తెలియదండి. మా బావమరిదిది డిస్క్ నొప్పే అయ్యుంటుంది, ఇది కాదు. పై మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గట్టుమీద_మాస్టారు

బ్లాక్‌బోర్డు దగ్గర సుద్దముక్క ఎలా విరుగుతుందో చూశారా? వంగదు, నలగదు, అడ్డంగా టక్కున రెండు ముక్కలు. కలిసిపోయిన వెన్ను అలాగే విరుగుతుంది. డాక్టర్లు కూడా దాన్ని సుద్దముక్క విరుపు అనే పిలుస్తారట, నేను ఆశ్చర్యపోయాను. మామూలు వెన్నులో ప్రతి డిస్కూ కొంచెం దెబ్బ మింగుతుంది. మాది ఒకటే పొడుగు కర్ర. ఎక్కడో ఒకచోట మొత్తం దెబ్బ పడుతుంది. నేను స్కూటరు మానేసి పద్దెనిమిదేళ్ళు. నా పర్సులో ఒక చీటీ ఉంటుంది: "నా వెన్ను కలిసిపోయి ఉంది. పడితే మెడ కదపకండి. ఎక్స్‌రే చాలదు, సీటీ తీయండి." పంటుదాటి గారి మామయ్యకి కూడా అలాంటిది రాసివ్వండి.

ఇంకోటి. మెడ ముందుకి వంగి కలిసిన వాళ్ళని పడుకోబెట్టేటప్పుడు తల బలవంతంగా నేలకి ఆనించకూడదు. ఎన్నేళ్ళుగా ఏ వంపులో ఉందో ఆ వంపులోనే కింద దిండ్లు పెట్టాలి.

లంకపొలం

రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. హెచ్ఎల్ఏ బీ27 పాజిటివ్. సీఆర్పీ నార్మల్. సీఆర్పీ నార్మల్ అంటే మంట లేనట్టే కదా? నేనూ, మా పాప కూడా బీ27 చేయించుకోవాలా? ఇంట్లో టెన్షన్ పెరిగిపోయింది, వంశపారంపర్యం అని చుట్టాలు ఒకటే ఫోన్లు.

ఎర్రకన్ను

కందకి లేని దురద కత్తిపీటకెందుకని చుట్టాలకి చెప్పండి.

నా సీఆర్పీ ఎప్పుడూ నార్మలే. ఎమ్మారైలో మాత్రం మూలుగ వాపు తెల్లగా. నా జబ్బు తేలడానికి ఆరేళ్ళు పట్టింది, ఇది మగవాళ్ళ జబ్బు అని అందరూ అనుకోవడం వల్ల. ఆడవాళ్ళలో ఎక్స్‌రే మార్పులు నెమ్మదిగా వస్తాయి, నొప్పేమో తక్కువేం ఉండదు. కాన్పు తర్వాత నడుం నొప్పి మామూలేనమ్మా అని ఎంతమంది పంపేశారో.

చివరికి నన్ను పట్టించింది కన్ను. ఎడమకన్ను ఎర్రబడి, వెలుగు చూస్తే పొడిచినట్టుండేది. కండ్లకలక అని చుక్కలు వేశారు. తగ్గలేదు. కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసి "ఇది కండ్లకలక కాదు, కనుపాప లోపల వాపు, యువియైటిస్. నడుం నొప్పి ఉందా?" అని అడిగింది. నడుం గురించి కంటి డాక్టరు అడగడమేంటని నవ్వొచ్చింది. ఈ జబ్బున్నవాళ్ళలో నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కన్ను ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. మీ తమ్ముడికి ఒక కన్ను నొప్పితో ఎర్రబడి, చూపు మసకేస్తే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

స్లైడుబాక్సు

అక్క చెప్పింది నిజం. చాలామందిలో సీఆర్పీ పెరగదు. మంట చిన్నచిన్న అతుకుల దగ్గర కాబట్టి రక్తం దాకా పొక్కకపోవచ్చు.

బీ27కీ ఈ జబ్బుకీ సంబంధం 1973లో బయటపడింది. లండన్‌లో ఒక బృందం, లాస్ ఏంజెలిస్‌లో ఒక బృందం, దాదాపు ఒకేసారి. కానీ అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే ఒక గుర్తు. ఆరో క్రోమోజోము మీద ఉంటుంది. బీ27 ఉన్న వందమందిలో జబ్బు వచ్చేది సుమారు ఐదుగురికే, మిగతావాళ్ళకి జీవితాంతం ఏమీ రాదు. ఇంట్లో ఒకరికి జబ్బుంటే తోబుట్టువులకి అవకాశం కాస్త పెరుగుతుంది, అది దాచను. అయినా నొప్పి లేని పాపకి పరీక్ష ఎందుకు? పాజిటివ్ వస్తే చేసేదేమీ లేదు, భయపడటం తప్ప. మీకు గానీ పాపకి పెద్దయ్యాక గానీ తెల్లవారుజాము నొప్పి మొదలైతే అప్పుడు ఆలోచించండి.

బీ27 మంటని ఎలా రాజేస్తుందో ఇంకా వాదనలున్నాయి. ఆ ప్రోటీన్ సరిగా మడతపడక కణానికి ఒత్తిడి తెస్తుందని ఒకటి, రోగనిరోధక కణాలకి తప్పుడు ముక్క చూపిస్తుందని ఒకటి. తర్వాతి దారి మాత్రం బాగా తెలుసు. ఐఎల్-23, ఐఎల్-17, టీఎన్ఎఫ్ అనే సందేశాలు. ఇప్పుడొచ్చే ఖరీదైన ఇంజెక్షన్లు ఆపేది టీఎన్ఎఫ్‌నో, ఐఎల్-17నో.

లంకపొలం

ఆ ఇంజెక్షన్ వేస్తే పెరిగిన ఎముక కరుగుతుందా?

స్లైడుబాక్సు

కరగదు. పోసిన గట్టుని వెనక్కి తీయలేం. కొత్త గండి పడకుండా చూడటమే పని. మంటని తొందరగా, చాలాకాలం అదుపులో పెట్టినవాళ్ళలో ఎముక పెరగడం నెమ్మదిస్తుంది. అప్పటికే కొవ్వు నిండిన మూలల్లో మాత్రం మంట ఆగినా రెమ్మ రావచ్చు, ఎందుకంటే మరమ్మతు ముందే మొదలైపోయింది. ముందుగా పట్టుకోవాలి అనేది అందుకే.

గట్టుమీద_మాస్టారు

మా రోజుల్లో ఇండోమెథసిన్ అనే నొప్పి మాత్ర ఒక్కటే. కడుపు మండేది, అయినా అది పడితేనే క్లాసుకి నిలబడేవాణ్ణి. సిగరెట్టు కూడా ఉండేది అప్పట్లో. సిగరెట్టు తాగేవాళ్ళలో వెన్ను తొందరగా కలుస్తుందని ఎవరూ చెప్పలేదు. మీవాడు కాలుస్తాడా?

లంకపొలం

రాత్రి కాపలాలో రెండు మూడు. ఇది చదివి వినిపించాను. మాట్లాడలేదు, లేచి బయటికి వెళ్ళాడు.

ఫిజియో_భీమవరం

ఇప్పుడు తీరిక దొరికింది. ఇంట్లో ఒక టేపు ఉంటే మూడు కొలతలు తీయండి, డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళండి.

నిటారుగా నిలబెట్టి, నడుం సొట్టలు రెండిటినీ కలుపుతూ పెన్నుతో గీత. అక్కడినుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు పైకి ఇంకో గీత. మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగమని, గీతల మధ్య దూరం మళ్ళీ కొలవండి. 15 దాటాలి. తర్వాత ఛాతీ. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఒక కొలత, నిండా పీల్చినప్పుడు ఒకటి. తేడా రెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువైతే పక్కటెముకల కీళ్ళు బిగుస్తున్నట్టు. మూడోది, మడమలూ వీపూ గోడకి ఆనించి నిలబడితే తల వెనకభాగం గోడకి తగలాలి.

ఆరునెలలకోసారి ఇవే కొలతలు. ఎక్స్‌రేలో మార్పు కనపడటానికి ఏళ్ళు పడుతుంది, టేపు ముందే చెప్తుంది.

లంకపొలం

కొలిచాం. వంగితే 12.5. ఛాతీ 3. తల గోడకి తగిలింది. వంగడం ఇంత తక్కువని మాకెవరికీ తెలియదు, వాడు మోకాళ్ళు వంచి సర్దుకునేవాడు.

ఫిజియో_భీమవరం

తల తగిలింది కదా, సంతోషం. దాన్ని కాపాడుకోవాలి. మంచం మీద పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పావుగంట బోర్లా పడుకోమనండి. తలకింద దిండు సన్నది. ఒకవేళ కీళ్ళు బిగిసినా నిటారుగా బిగియాలి, గూనిగా కాదు. మాటకి మొరటుగా ఉన్నా నేను రోగులకి ఇలాగే చెప్తాను. రోజూ వీపు వెనక్కి సాగదీసే వ్యాయామాలు, గట్టిగా ఊపిరి పీల్చడం. ఈత వచ్చా?

లంకపొలం

లంకలో పుట్టినోణ్ణి పట్టుకుని ఈత వచ్చా అంటారేంటండీ.

ఫిజియో_భీమవరం

సరే సరే. అయితే కాలవలో నీళ్ళు నెమ్మదిగా ఉన్నప్పుడు రోజూ ఈదమనండి, చాలా మంచి వ్యాయామం. వంతెన మీంచి తలకిందులుగా దూకడం మాత్రం ఇక వద్దు. కొబ్బరిచెట్టు ఎక్కడం కూడా.

లంకపొలం (నెల తర్వాత)

ఆలస్యమైంది, చెరువు పట్టుబడి హడావిడి. రుమటాలజిస్టుకి చూపించాం. ఎమ్మారైలో రెండు కీళ్ళ దగ్గరా మూలుగ వాపు ఉంది, రెండు నడుం పూసల మూలల్లో కూడా. కొంత కొవ్వు నిండిందన్నారు. పై పూసలు శుభ్రంగా ఉన్నాయట. ఈసారి ఆ మాటలు నాకు అర్థమయ్యాయి, డాక్టరు గారే ఆశ్చర్యపోయి "ఎక్కడ చదివావు?" అన్నారు.

ప్రస్తుతానికి నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర, కడుపు మాత్రతో కలిపి, రోజూ. చాలకపోతే ఇంజెక్షన్. దానికి ముందే టీబీ పరీక్ష చేశారు, పాజిటివ్ వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు, నిద్రపోతున్న టీబీ అంట. టీఎన్ఎఫ్‌ని ఆపితే అది లేస్తుందట, కాబట్టి ముందు దానికి మాత్రలు మొదలుపెట్టారు.

అమ్మ పాలు మళ్ళీ పోస్తోంది. మిగతాది వాడే రాస్తానన్నాడు.

లంకపొలం

నమస్తే అండి, తమ్ముణ్ణి, అన్న ఫోన్లోంచి. మాత్ర మొదలుపెట్టిన మూడోరోజు తెల్లారి నాలుగింటికి లేచాను. నొప్పికి కాదు, రెండో నంబరు ఏరేటరు ఆగిపోతే. సరిచేసి వచ్చి మళ్ళీ పడుకున్నాను, నిద్ర పట్టింది. అలా మళ్ళీ నిద్ర పట్టడం ఇంతకుముందు ఎప్పుడు జరిగిందో నాకు గుర్తులేదు. సిగరెట్లు రోజుకి ఒకటికి వచ్చాయి. కుడి మడమ మాత్రం అలాగే ఉంది. గట్టు మీద వేసుకోడానికి ఎలాంటి చెప్పులు మంచివి?

ఫిజియో_భీమవరం

మడమ దగ్గర కాస్త ఎత్తు, మెత్తగా ఉన్నవి. వెనక పట్టీ మడమ స్నాయువు మీద రాసుకోకూడదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మడమ చూపించండి. అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామని ఎవరైనా అంటే రుమటాలజిస్టుని అడక్కుండా వేయించుకోకండి, ఆ స్నాయువు తెగే ప్రమాదం ఉంది.

గట్టుమీద_మాస్టారు

ఆ మిగిలిన ఒకటి కూడా ఏట్లో పారేయ్ అబ్బాయ్.